సగం మెమరీ

బుధవారం నాడు కొండ అవతల అంటుకున్న మంట ఎగువ వాలు దాకా దిగిందనీ, రుఫీనో ఒచోవా ఇల్లు బూడిదైందనీ, కాలిన చేతులతో అతణ్ణి పట్నం ఆసుపత్రికి తీసుకుపోయారనీ ఇప్పటికి లోయలో అందరికీ తెలుసు. దిగువన లాస్ పిర్కాస్ ఊళ్ళో అగ్నిమాపక దళం సకాలంలోనే హెచ్చరిక పంపింది. పంపినట్టు వాళ్ళ తెర మీద కనిపించింది కూడా. కానీ అది ఎగువ వాలులో ఒక్క ఫోనుకీ చేరలేదు. ఎందుకు చేరలేదో తేల్చుకోవడానికే శనివారం భోజనాలయ్యాక, కునుకు కూడా మానుకుని, జనమంతా బోచాస్ బంతాట క్లబ్బు రేకుల షెడ్డులో చేరారు.

షెడ్డు నిండా పొగ వాసన. మూడు రోజులుగా బట్టలకీ జుట్టుకీ రొట్టెకీ కూడా అదే వాసన. బల్లకు ఒకవైపు దళం నాయకుడు ఇలారియో బుస్తోస్ నిలబడి ఉన్నాడు. కనుబొమలు సగం కాలిపోయి ఉండటంతో అతని ముఖం ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టు కనిపిస్తోంది. రెండోవైపు గ్రసియానా. ఎగువ వాలుకి సెల్‌ఫోను సిగ్నలు అందదు కాబట్టి ఊరివాళ్ళే సంఘం పెట్టుకుని, ఇంటింటి కప్పు మీదా అరచేయంత రౌటరు బిగించి, ఒకదాన్నుంచి ఒకదానికి మాట అందేలా నెట్‌వర్కు కట్టుకున్నారు. దానికి లెక్కలు వేసిందీ, స్తంభాలెక్కి బిగించిందీ గ్రసియానాయే. టవరుకి పోయే కరెంటు తీగ బుధవారం కాలిపోయాక ఇప్పుడు దిగువ ఊరికి కూడా ఆ నెట్‌వర్కే దిక్కు.

ఇలారియో సంచిలోంచి మసిపట్టిన పెట్టె ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. లా ఓర్కేతా మలుపులో, స్తంభం మీద ఉండే రౌటరు అది. ఎగువకు పోవాలన్నా, లోయ దాటి బయటికి పోవాలన్నా ప్రతి మాటా దాని మీదుగానే పోవాలి.

"నిన్న నేనే ఎక్కి విప్పుకొచ్చా. దీని చోట ఈ క్లబ్బు వెనకింటి కప్పు మీదున్నది తీసి పెట్టాం. ఇక తెరువమ్మాయ్. అందరి ముందూ తెరువు."

"తెరవకముందే చెప్తా, దొన్ ఇలారియో. ఇది కాలలేదు, చెడిపోలేదు. ఊపిరాడక పడిపోయి, లేచి, మళ్ళీ పడిపోయింది."

"పెట్టెకి ఊపిరేంటే తల్లీ!" వెనక బెంచీ మీంచి ఎవరో అన్నారు.

గ్రసియానా వాళ్ళవైపు తిరిగింది. "ఎంపనాదాలు చేసేటప్పుడు చెయ్యి ఎంత చురుగ్గా ఆడినా, బల్ల మీద జాగా లేకపోతే పిండి ఎక్కడ పరుస్తారు? ఇందులో ప్రాసెసర్ చెయ్యి. మెమరీ బల్ల. బుధవారం పొగకి బడి మూసేశారు. అందరూ ఇళ్ళలోనే ఉన్నారు. ఒకళ్ళు పొగ వీడియోలు పంపుతున్నారు, ఒకళ్ళకి బ్వేనోస్ ఐరెస్ నుంచి చుట్టాలు ఫోన్లు చేస్తున్నారు. ప్రతి ఫోనుకీ ప్రతి మాటకీ ఇది కాస్త జాగా ఇవ్వాలి. జాగా అయిపోతే తనంతట తనే ఆగి మళ్ళీ మొదలవుతుంది. మొదలైన మరుక్షణం అందరూ మళ్ళీ ఒక్కసారిగా మీద పడతారు. మీ హెచ్చరిక ఆ తొక్కిసలాటలో పోయింది."

"అదే కదా నేను మొదట్నించీ మొత్తుకున్నది!" ఇలారియో బల్ల మీద గుద్దాడు. "గట్టివి కొందాం, కొన్ని చోట్లే పెడదాం అన్నా. నువ్వేమో ఇంటింటికీ ఉండాలన్నావ్. చవకవి తెచ్చావ్. అందరికీ ఇచ్చి చివరికి ఎవరికీ లేకుండా చేశావ్!"

"గట్టి ప్రాసెసర్ అయితే కరెంటు ఎక్కువ తాగుతుంది. ఓర్కేతా దగ్గర కరెంటు స్తంభమేమైనా ఉందా? సోలార్ పలకా, ఒక బ్యాటరీ. రెండు రోజులు మబ్బు పడితే మీ గట్టి పెట్టె చచ్చి ఊరుకునేది. అందుకే ఆ రోజు ఇక్కడే నిలబడి చెప్పా. ఇళ్ళ మీద మామూలువి. ఓర్కేతా మీద మాత్రం అదే ప్రాసెసర్, మెమరీ రెట్టింపు. ధర కొంచెమే తేడా. మీరంతా చేతులెత్తారు. మీరు కూడా ఎత్తారు, దొన్ ఇలారియో."

"ఎత్తా. మరి రెట్టింపు ఉంటే ఎందుకు నిండింది?"

మూడు రాత్రులుగా ఆమెకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న అదే. లెక్క మళ్ళీ మళ్ళీ వేసింది. ఊరంతా ఒకేసారి మాట్లాడినా నిండకూడదు.

"అంతుబట్టడం లేదు," అంది.

"అయితే తెరువు."

ఆమె స్క్రూడ్రైవరు తీసుకుంది. మసి కింద మరలు బిగుసుకుపోయి ఉన్నాయి. ఆఖరి మర ఊడి నేల మీద పడి దొర్లుతుంటే ఆ చప్పుడు షెడ్డంతా వినిపించింది. మూత తీసి, లోపలి పచ్చ పలకను వెలుతురు వైపు వంచింది. ప్రాసెసర్ పక్కన నల్లటి మెమరీ చిప్పు. దాని మీద సన్నటి అక్షరాలు. బొటనవేలితో దుమ్ము తుడిచి చదివింది. ఇంకోసారి చదివింది.

తను కోరిన చిప్పు కాదు అది. ఇళ్ళ కప్పుల మీద ఉండేదే. సగం మెమరీది.

పిడుగుపాటు గుర్తొచ్చింది. జనవరిలో ఒకే సాయంత్రం ఓర్కేతాతో పాటు ఎగువన ఇంకొన్ని రౌటర్లు మాడిపోయాయి. తనప్పుడు చెల్లెలి పురుడుకని మెండోసాలో ఉంది. కొత్తవి కొర్దోబా పట్నం వెళ్ళి కొనుక్కొచ్చినవాడు, స్తంభం ఎక్కి బిగించినవాడు ఒక్కడే.

ఆమె తల ఎత్తకుండా ఉండాలనుకుంది. ఎత్తేసింది. తలుపు దగ్గర, చంకలో మాతే టీ ఫ్లాస్కుతో సీరో నిలబడి ఉన్నాడు. ఆమె భర్త. ఊళ్ళోవాళ్ళ కూరగాయలు పట్నానికి చేరవేసే ట్రక్కు అతనిదే. అతను ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపుతో ఆమెకు మొత్తం అర్థమైపోయింది.

"ఏముంది లోపల?" అడిగాడు ఇలారియో.

"ఏం లేదు." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నా అంచనా తప్పింది. ఇంతమంది ఒకేసారి వస్తారని నేను..."

"ఆగు, ఫ్లాకా." ఇంట్లో పిలిచే పేరుతోనే పిలిచి, సీరో ఫ్లాస్కును గట్టు మీద పెట్టాడు. "అంచనా తప్పలేదు. అది నువ్వు చెప్పిన పెట్టె కాదు. నువ్వు చెప్పింది నేను కొనలేదు."

బెంచీలు కిర్రుమన్నాయి. కొందరు లేచి నిలబడ్డారు.

"ఇంట్లో మాట్లాడుకుందాం," అంది గ్రసియానా మెల్లగా.

"ఇల్లు కాలింది మనది కాదు కదా ఇంట్లో మాట్లాడుకోవడానికి." అతను బల్ల దాకా నడిచి వచ్చాడు. "జనవరిలో మీరంతా పోగుచేసిచ్చిన డబ్బుతో వెళ్ళా. నేను కొట్టుకి చేరేసరికి ధరలు పెరిగిపోయాయి, రెట్టింపు మెమరీదైతే మరీను. ఓర్కేతాకి రెట్టింపుది తీసుకుంటే, మాడిపోయిన చివరి నాలుగిళ్ళకీ చిన్నవి కూడా రావు. అన్నీ చిన్నవే తీసుకుంటే అందరికీ వస్తాయి. కొట్టువాడు తీసుకుంటావా, పోతావా అని నా ముఖం చూస్తున్నాడు. అన్నీ చిన్నవే తీసుకున్నా."

"ఒక్క ఫోను చేసి అడగలేకపోయావా?" గ్రసియానా గొంతు పైకి లేచింది. "నేను మెండోసాలో ఉన్నా గానీ చంద్రమండలంలో లేను కదా!"

"అడిగితే వద్దంటావ్."

"అవును, వద్దంటా!"

"అందుకే అడగలేదు. తర్వాత చెప్దామనుకున్నా. అది బానే పనిచేస్తోంది. జూన్, జూలై చలికాలం కూడా గడిచిపోయింది. రోజులు గడిచేకొద్దీ నోరు పెగల్లేదు."

అతను చెప్పనిది ఆమె లోలోపల తనకే చెప్పుకుంది. ఊరికి తిరిగొచ్చాక ఒక్కసారి ల్యాప్‌టాప్‌లోంచి ఆ పెట్టెలోకి తొంగి చూస్తే మెమరీ ఎంతుందో మొదటి వరుసలోనే కనబడేది. సీరో బిగించాడు కదా అని చూడలేదు.

ఇలారియో సీరో చొక్కా పట్టుకున్నాడు. "రుఫీనో చేతులు చూశావా నువ్వు? గుడ్డలు చుడుతుంటే అరుస్తాడే, ఆ అరుపు విన్నావా? నీకెవడిచ్చాడురా ఆ హక్కు? ఎవణ్ణడిగి చేశావ్?"

సీరో అలాగే నిలబడ్డాడు. చొక్కా విడిపించుకోలేదు కూడా.

"నన్నడిగి చేశాడు."

ముందు బెంచీలోంచి వచ్చింది మాట. దోన్యా త్రాన్సితో చేతికర్ర ఊతంతో లేచింది. రుఫీనో తల్లి. పొద్దున్నే ఆసుపత్రి నుంచి వచ్చి, ఇంటికి కూడా పోకుండా తిన్నగా ఇక్కడికే వచ్చి కూర్చుంది.

"వాణ్ణి వదులు ఇలారియో. కొట్టులోంచి వాడు నాకు ఫోను చేశాడు. మా ఇంటి పెట్టె కూడా మాడిపోయిందిగా, ఆ రోజు నేను దిగువ ఊళ్ళోనే ఉన్నా, ఇక్కడ అప్పుడు టవరు సిగ్నలుంది. ఈసారికి మీ చివరి నాలుగిళ్ళకీ లేకుండా సర్దుకుంటారా దోన్యా, శీతాకాలంలో చూద్దాం అన్నాడు. కుదరదన్నా. మమ్మల్ని వదిలేసి ఊళ్ళోకి అడుగుపెట్టకు అన్నా. ఎవరికీ చెప్పకని కూడా నేనే అన్నా."

ఇలారియో చెయ్యి వదిలేశాడు. "దోన్యా, మీకేమైనా తెలిసి మాట్లాడుతున్నారా? దానివల్లే మీ రుఫీనోకి..."

"నా కొడుకు పేరు నువ్వెత్తకు." ఆమె అరవలేదు. "తెలిసే మాట్లాడుతున్నా. రోడ్డేస్తే మా వాలు ఆఖరు. నీళ్ళ గొట్టమేస్తే ఆఖరు. ఏది చాలకపోయినా ముందు కత్తెర పడేది మాకే. ఆ పెట్టె ఉండబట్టే జూన్‌లో కోడలికి నొప్పులొస్తే నర్సు ఫోన్లో చెప్తుంటే నేను బిడ్డను తీశా. ఆ పెట్టె లేకపోతే ఆ బిడ్డ లేదు. ఆ పెట్టె వల్లే నా కొడుకు చేతులు కాలాయి. ఈ రెండూ నావే. నువ్వొచ్చి నాకు తూకం వేసి చూపించకు."

ఇలారియో టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. గ్రసియానాకు సీరో మీద కోపం తగ్గలేదు. కానీ ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఇప్పుడు తెలియడం లేదు. కొట్టులో అతని చోట తను ఉంటే ఏం చేసేది? నాలుగిళ్ళ పేర్లూ కొట్టేసి వచ్చేదా? వచ్చేదేమో. లెక్క సరిగ్గా ఉందని నిద్ర కూడా పోయేదేమో.

ఇలారియో నడుముకున్న వైర్‌లెస్ ఒక్కసారిగా గురగురలాడింది.

"...దూకింది! మంట పడమటి గుట్ట దూకింది! గాలి ఉత్తరం నుంచి తిరిగింది. పొగలో ఏం కనబడటం లేదు, నేను దిగిపోతున్నా..."

గుట్ట మీద కాపలా ఉన్న కుర్రాడి గొంతు. ఆ తర్వాత గరగర తప్ప ఏమీ లేదు. షెడ్డు బయట సైరను మొదలైంది. తలుపులోంచి చూస్తే, పొద్దుటినుంచీ నిటారుగా లేచిన పొగ ఇప్పుడు ఒరిగి ఎగువ వాలు మీదికి పాకుతోంది.

"పైన ఎవరున్నారు?" అరిచాడు ఇలారియో.

చాలామంది కిందికి దిగి సభకు వచ్చారు. ముసలివాళ్ళూ, చంటిపిల్లల తల్లులూ, మేకల్ని వదిలి రాలేనివాళ్ళూ పైనే ఉన్నారు. దళం కుర్రాళ్ళు నీళ్ళ సంచులు వీపున వేసుకుని ట్రక్కు వైపు పరిగెత్తారు. సీరో వాళ్ళకంటే ముందే తన ట్రక్కు స్టార్టు చేశాడు.

గ్రసియానా మసి పెట్టెను పక్కకి నెట్టి ల్యాప్‌టాప్ తెరిచింది. హెచ్చరిక రాసి పంపింది. ఓర్కేతా దగ్గర ఇప్పుడున్నది కూడా అదే రకం చిన్న రౌటరు. షెడ్డులో అప్పటికే ప్రతి చేతిలోనూ ఫోను ఉంది. అందరూ పైనున్న తమవాళ్ళకి ఒకేసారి ఫోన్లు చేస్తున్నారు. తెర మీద ఓర్కేతాలో మిగిలిన జాగా చూస్తూండగానే తరిగిపోయింది. ఆపైన జాగా చూపే గీతే మాయమైంది. పెట్టె పడిపోయింది.

"ఫోన్లు ఆపండి!" ఆమె కుర్చీ ఎక్కింది. "మీరు చేస్తున్నకొద్దీ వాళ్ళకి ఏదీ అందదు! ఆపేయండి, మీకు దండం పెడతా!"

కొందరు ఆపారు. ఒకావిడ ఏడుస్తూ ఆపనంది. పక్కనున్నామె ఆమె చేతిలోంచి ఫోను లాగేసుకుంది. ఓర్కేతా మళ్ళీ లేవగానే గ్రసియానా దిగువ ఊరి ఇళ్ళన్నిటినీ ఒక్కొక్కటిగా తెంచేసింది. తన ల్యాప్‌టాపూ, దళం కార్యాలయమూ మాత్రం మిగిల్చింది. జాగా కొంచెం పెరిగింది. హెచ్చరిక సగం దూరం పోయింది. మళ్ళీ పడిపోయింది.

"ఇంకేం మింగుతోంది?" ఇలారియో ఆమె భుజం మీదుగా తొంగి చూస్తున్నాడు.

"మీ లైను."

విమానాల స్థావరంతో దళానికి ఉన్న లైను అది. మంట ఎటు పోతోందో, గాలి ఎటు తిరిగిందో విమానం తీసిన బొమ్మలు ఆ లైను మీదే వస్తాయి. ఎవరూ చొరబడకుండా తాళం వేసి నడుపుతారు. ఆ తాళానికీ బొమ్మలకీ కలిపి ఊరి ఫోన్లన్నిటికంటే ఎక్కువ జాగా కావాలి.

"అది తెంచితే నేను గుడ్డివాణ్ణి," అన్నాడు ఇలారియో.

"తెంచకపోతే వాళ్ళు చెవిటివాళ్ళు. మెమరీ రెండిటికీ చాలదు, దొన్ ఇలారియో. ఒకటే. మీరే చెప్పాలి. ఈసారి మిమ్మల్ని అడక్కుండా నేనేమీ చెయ్యను."

అతను దోన్యా త్రాన్సితో వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడటం లేదు. తలుపులోంచి కొండనే చూస్తోంది.

"తెంచెయ్," అన్నాడు.

ఆమె తెంచింది. ఓర్కేతా లేచింది. నిలబడింది. జాగా గీత వణికింది గానీ పడలేదు. హెచ్చరిక పోయింది. షెడ్డులో ఊపిరి బిగబట్టిన జనం మధ్య ల్యాప్‌టాప్ టింగుమంది. ఒక జవాబు.

"అందింది. బయల్దేరాం."

వెంటనే ఇంకొకటి. ఇంకొకటి. ఇంటి పేరు చదివిన ప్రతిసారీ షెడ్డులో ఎవరో ఒకరు ముఖం చేతుల్లో దాచుకుంటున్నారు. చివరి నాలుగిళ్ళలో కూడా మూడు పలికాయి. ఇలారియో గట్టిగా ఊపిరి వదిలి, గ్రసియానా తల మీద చెయ్యి వేసి తీశాడు. సభ మొదలైనప్పటినుంచీ అతను ఆమెతో మెత్తగా ఉండటం అదే మొదటిసారి.

నాలుగో ఇంటి జవాబు ఆలస్యంగా వచ్చింది. పొడుగ్గా వచ్చింది.

"దిగువ మలుపులో రోడ్డు మీదే మంట ఉంది. ట్రక్కులు ఇటు రాలేవు. అందరం వెనక్కి తిరిగి చర్చి ముందు ఆగాం. పిల్లలున్నారు. ఎటు పోవాలి?"

ఇలారియో తెరను చదివి, అలవాటుగా తన ఫోను తీశాడు. స్థావరం పంపే బొమ్మ కోసం వెతికి, లైను లేదన్న సంగతి గుర్తొచ్చి ఆగిపోయాడు.

"వాగులోకి దిగమను," అంది దోన్యా త్రాన్సితో. ఆమె బల్ల దగ్గరికి వచ్చేసింది. "వాగులో రాళ్ళ మధ్య ఇంకా తడి ఉంటుంది. మా చిన్నప్పుడు అక్కడే దాక్కున్నాం."

"వాగా! గాలి దక్షిణానికి తోస్తుంటే ఆ వాగు పొగగొట్టమే. నిమిషంలో కమ్మేస్తుంది. పైకి పోవాలి. బోడి బండ మీదికి. అక్కడ కాలడానికి గడ్డి కూడా లేదు."

"పిల్లలతో ఆ ఎక్కుడు ఎక్కి ఎప్పటికి చేరతారు? మంట వాళ్ళకంటే ముందే అక్కడుంటుంది!"

"గాలి తిరక్కపోతే చేరతారు."

"తిరిగితే?"

ఇలారియో చేతిలోని ఖాళీ ఫోను తెర వైపు మళ్ళీ చూశాడు. గాలి ఎటుందో చెప్పగల బొమ్మ లైను అవతల ఎక్కడో ఉంది. ఆ లైను కలిపితే ఓర్కేతా పడిపోతుంది. అది మళ్ళీ లేచేసరికి చర్చి ముందు నిలబడ్డవాళ్ళు ఇక ఎదురుచూడరు. కలపకపోతే, ఏది చెప్పినా చీకట్లో రాయి విసరడమే.

ల్యాప్‌టాప్ మళ్ళీ టింగుమంది.

"చర్చి వెనక చెట్లు అంటుకున్నాయి. ఎటు?"

గ్రసియానా వేళ్ళు అక్షరాల మీద ఉన్నాయి. ఆమె ఇద్దరి ముఖాల్లోకీ చూసింది.

"ఒక్కటే చెప్పండి," అంది. "ఇప్పుడే చెప్పండి. ఏం రాయను?"

ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచారు.